నైరుతి గది కిటికీ

ఆ రోజు ఆ ఇంట్లోకి సూర్యుడు రాలేదు.

రోజూ ఏడుంపావుకల్లా వచ్చేవాడు. హాల్లో పూలపూల గరుకు అద్దాల కిటికీ ఒకటుంది. దుమ్ము పడుతుందని దాన్ని ఎప్పుడూ తెరవరు. ఆ అద్దాల్లోంచి బంగారం కరిగించి పోసినట్టు వెలుగు దూకి ఎదురుగోడ మీద పడేది. అక్కడి నుంచి మెల్లగా జారి కుర్చీ మీదికి, కుర్చీ మీది నుంచి మామగారి టీ గ్లాసులోకి దిగేది. కాపురానికొచ్చి ఇరవై రెండు రోజులైన కొత్తకోడలు, ఆ వెలుగు టీలో దిగే క్షణం చూడటానికే ఆ వేళకి హాల్లో ఏదో ఒకటి తుడుస్తూ నిలబడేది. "టీ అప్పుడు ఏ రంగులో ఉంటుందో తెలుసా!" అని మొగుడికి చెప్పబోతే, "టీ రంగులోనే కదా?" అన్నాడతను. అలాంటి మొగుణ్ణి కూడా ఆమె ముద్దుగానే చూసుకుంటోంది.

ఆ రోజు మాత్రం గోడ గోడలాగే ఉంది, టీ టీలాగే ఉంది.

మామగారు కిటికీ ముందు చేతులు జోడించి, కళ్ళు మూసుకుని నిలబడ్డారు. రెప్పల మీద వెచ్చగా ఏమీ తగల్లేదు. ఒక కన్ను తెరిచి చూశారు. రెండోదీ తెరిచారు.

"మబ్బు పట్టినట్టుందే," అన్నారు చిన్నబుచ్చుకుని.

ముప్ఫై నాలుగేళ్లు ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి ఆయన. 'ఉదయించే సూర్యుడికి ఎదురుగా నిలబడి రెండు చేతులూ చాపితే...' అని పిల్లల్ని ఎండలో వరసగా నిలబెట్టి దిక్కులు నేర్పించడంలో ఆయన తర్వాతే ఎవరైనా. అందుకే వీధిలో అందరికీ ఆయన దిక్కుల మాస్టారు. ఇల్లు సర్దడమంటే ఆయనకి ప్రాణం. దేవుడు ఈశాన్యంలో, పొయ్యి ఆగ్నేయంలో, బరువు నైరుతిలో. చెప్పులు సైతం ఆయన చూపించిన దిక్కుకి ముక్కులు పెట్టుకుని కూర్చునేవి. దిక్సూచిని మాత్రం నమ్మరు. కోడలు వచ్చిన కొత్తలో సరదాగా ఫోన్లో దిక్కులు చూపించే బొమ్మ తెరిచి, "మామయ్యగారూ, ఇది వేరేగా చూపిస్తోందండీ," అంటే ఆయన పకపకా నవ్వారు.

"ఇనప బీరువా కనిపిస్తే చాలు తల తిప్పేసుకునే వస్తువమ్మా అది. దాన్ని నమ్మి సంసారం సర్దుకుంటామా? సూర్యుడు ఎవరికీ తల తిప్పడు."

నిజమే కాబోలనుకుని ఆమె ఫోను మూసేసింది.

పదిహేడేళ్ల కిందట ఈ మేడ మీద వాటా కొన్నప్పుడు లోపల అడుగుపెట్టిన మర్నాడే, "మొత్తం తలకిందులుగా కట్టి చచ్చాడు వెధవ!" అని కట్టినవాణ్ణి తిట్టి, వంటగదిని సామాన్ల గది చేసి, సామాన్ల గదిని వంటగది చేసి, దేవుణ్ణి ఈ మూల నుంచి ఆ మూలకి నడిపించిన ఘనత ఆయనది. ఇక మిగిలింది ఒక్కటే లోపం. కొత్త దంపతులకిచ్చిన నైరుతి గదిలో దక్షిణం గోడకి కిటికీ ఉంది.

"నైరుతిలో కిటికీ అంటే కుండకి చిల్లు పెట్టి నీళ్లు పోసినట్టే. కొత్తగా కాపురం పెట్టినవాళ్లు. ఊరుకుంటే ఎలా? మూయించేస్తా," అని వారం కిందటే ప్రకటించారు. మెట్ల దగ్గర ఇటుకలు కూడా దింపించారు. తాపీమేస్త్రి వచ్చేది ఈ రోజే, తొమ్మిదింటికి.

ఆ కిటికీ ఎలాంటిదో మామగారికి తెలియదు. పొద్దున్నే ఎనిమిదింటికి ఆమె మొగుడు సందు చివర బస్సెక్కుతాడు. కళ్ళజోళ్ల షాపులో అద్దాలు అరగదీసే పని అతనిది. ఎక్కి కూర్చుని, బస్సు కదిలే ముందు తన కళ్ళజోడు తీసి, పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెడతాడు. ఆమె తెర రెండుసార్లు లాగుతుంది. అంతే. బస్సులో ఎవరికీ తెలియదు, ఇంట్లో ఎవరికీ తెలియదు. కానీ ఆ రెండు లాగుళ్లతో ఆమెకి సాయంత్రం దాకా సరిపోయేంత సంతోషం వస్తుంది. వారం నుంచి ఆ కిటికీ ఊచలు పట్టుకుని, ఎవరూ చూడకుండా ముక్కు చీదుకుంటూనే ఉంది. కాపురానికొచ్చి నెల తిరక్కుండానే మామగారి మాటకి అడ్డం చెప్తే బాగుంటుందా?

ఆ రోజూ మొగుడు కళ్ళజోడు తీసి పెట్టాడు. రేపటి నుంచి చూపించేది గోడకే కదా అనుకుని, ఆమె తెర రెండుసార్లు కాదు, ఏడుసార్లు లాగింది.

తర్వాత తడిబట్టల బకెట్టు తీసుకుంది. ఇన్నాళ్లూ బట్టలారేసే పని అత్తగారిదే. "కొత్తకోడలివి, ఆ ఇనప చుట్టుమెట్లు నీకెందుకు, కూర్చో," అని డాబా మీదికి ఒక్కసారైనా వెళ్లనిచ్చేది కాదు. పొద్దున్నపూట వంటగదిలోకీ రానిచ్చేది కాదు. ఎంత మంచి అత్తగారు దొరికిందని పుట్టింటికి ఫోన్ చేసి మరీ చెప్పుకుంది పిల్ల. నిన్న సాయంత్రం ఆఖరి మెట్టు మీద అత్తగారి కాలు మడతపడింది. "సాయంత్రం ఆరేద్దాంలే," అంటోంది. పాపం ఆవిడకెందుకు శ్రమ అని, అత్తగారు స్నానానికి వెళ్లిన సమయం చూసి కోడలు బకెట్టెత్తుకుని గిర్రున మెట్లెక్కేసింది.

డాబా మీద కాలు పెట్టగానే కళ్ళు చెదిరాయి.

ఎండ! మబ్బు తునక కూడా లేదు. ఇంటి వెనక గోదాం రేకుల మీద సూర్యుడు నిండు పళ్లెంలా కూర్చుని ఉన్నాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. గోదాం ఉన్నది పడమర కదా? పొద్దున్న ఎనిమిదిన్నరకి పడమట సూర్యుడేమిటి?

బకెట్టు చేతిలోంచి జారి, మామగారి పంచె కాస్తా డాబా అంతా పరుచుకుంది.

గబుక్కున ఇటు తిరిగింది. వీధికి అవతల, తూర్పున, అదే తూర్పు అనుకుంటున్న వైపు, నిలువెత్తు అద్దాల మేడ ఉండాలి. మేడ ఉంది కానీ అద్దాల్లేవు. పైనుంచి కింది దాకా ఆకుపచ్చ గుడ్డ చుట్టేసి, వెదుళ్లు కట్టేశారు. పగిలిన అద్దాలు మారుస్తున్నారు కాబోలు, వెదుళ్ల మీద ఇద్దరు మనుషులు కోతుల్లా వేలాడుతున్నారు.

ఒక్కొక్కటే అర్థమైంది ఆమెకి. పొద్దున్నే సూర్యుడు గోదాం వెనక లేచి, అద్దాల మేడ మీద పడి, అక్కడి నుంచి తిరిగి వీళ్ల కిటికీలోకి వస్తున్నాడు. ఇన్నేళ్లూ ఇంట్లోకి వచ్చింది సూర్యుడు కాదు, అద్దంలోని సూర్యుడు. తూర్పనుకున్నది పడమర. పడమరనుకున్నది తూర్పు. మరి నైరుతి గది...

ఫోను తీసి మొగుడికి కలిపింది.

"ఏవండీ, మనింటికి తూర్పు ఎటు?"

"పొద్దున్నే ఇదేం ప్రశ్న? నాన్నగారు చెప్పినవైపు."

"సూర్యుడు ఇంటి వెనక ఉన్నాడండీ!"

అవతల అద్దం అరిగే చప్పుడు ఆగింది. "నిజమేనోయ్. షాపుకొస్తుంటే బస్సులో నా మొహానే కొడతాడు ఎండ. కానీ అది బయటి తూర్పు కదా."

"బయటి తూర్పు వేరు, ఇంట్లో తూర్పు వేరు ఉంటాయా?"

"మా ఇంట్లో ఉంటాయి," అన్నాడతను బుద్ధిగా. "ఇంట్లో దిక్కులు నాన్నవి, బయట దిక్కులు లోకానివి. చిన్నప్పటి నుంచీ అంతే. నేనెప్పుడూ రెండూ కలిపి చూడలేదు." కాసేపాగి, గొంతు మార్చి, "అమ్మో!" అన్నాడు.

అప్పటికి ఆమె ఆశ్చర్యం కరిగి కిలకిలా సంతోషమైపోయింది. నైరుతి గది నైరుతి కాదు! తిప్పి చూసుకుంటే అది ఈశాన్యం. ఈశాన్యం కిటికీ మూస్తారా ఎవరైనా? ఇప్పుడే వెళ్లి చెప్పేస్తే సరి. ఖాళీ బకెట్టందుకుని మెట్లు రెండేసి చొప్పున దిగింది.

కింద మెట్టు దగ్గర అత్తగారు నిలబడి ఉంది. తడి జుట్టు తువ్వాలుతో చుట్టి, ఒంటికాలి మీద, గోడ పట్టుకుని. ఖాళీ బకెట్టునీ, కోడలి మొహాన్నీ చూసింది.

"చూశావా?" అంది మెల్లగా.

చూశావా అంటే? అంటే ఈవిడకి...

"మీకు తెలుసా అత్తయ్యా?"

"గట్టిగా అరవకు. ఇట్రా."

వంటగదిలోకి లాక్కెళ్లి తలుపు వేసింది.

"ఎప్పటి నుంచి తెలుసు?"

"వచ్చిన మూడో రోజు. బట్టలారెయ్యడానికి పైకెళ్లా. నీలాగే బకెట్టు పడేశా."

"పదిహేడేళ్లా!" కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పదిహేడేళ్లు మామయ్యగారికి చెప్పలేదా? ఆయన రోజూ అద్దాల మేడకి దండం పెడుతుంటే ఊరుకున్నారా?"

అత్తగారు కుంటుకుంటూ నడవాలో వెనక మూలకి తీసుకెళ్లి సామాన్ల గది తలుపు తోసింది. చెమ్మ వాసన గుప్పుమంది. చిన్న కిటికీ ఉంది, కానీ చెయ్యి బయట పెడితే గోదాం గోడ తగులుతుంది. పట్టపగలే లోపల ఏముందో కనిపించలేదు.

"ఇదీ అసలు ఆగ్నేయం. ఇల్లు కట్టినవాడు తెలివైనవాడే, వంటగది ఇక్కడే పెట్టాడు. మీ మామయ్యకి నిజం తెలిస్తే సాయంత్రానికల్లా నా పొయ్యి ఇందులోకి వస్తుంది." తలుపు మూసింది. "దీనికి ముందు ఆరు అద్దె కొంపలు మారాం. ప్రతిదాంట్లో ఆగ్నేయం వెతికి, ఆ మూల ఎలాంటిదైనా సరే నన్నందులో పడేశారు. ఒకచోట మెట్ల కింద. ఒకచోట స్నానాలగది పక్కన, నా తలకి దూలం తగిలేది. ఈ ఇంటికొచ్చాక, ఇప్పటి వంటగది కిటికీ దగ్గర నిలబడితే మొదటిసారి బియ్యంలో రాళ్లు కనిపించాయే అమ్మాయ్. అంతవరకూ తడుముకుని ఏరేదాన్ని. ఆయన ఇదే ఆగ్నేయం అన్నారు. నేను కాదనలేదు. అంతే నేను చేసింది."

కోడలు వంటగది కిటికీ వైపు చూసింది. నున్నటి తెల్లటి అద్దం, రోజూ తుడిచినట్టు మెరుస్తోంది. ఎదురుగా ఆకుపచ్చ గుడ్డ. రోజూ అక్కడ మేడ అద్దంలో సూర్యుడు కనిపించేవాడన్నమాట, అందుకే తనని పొద్దున్నపూట ఇటు రానిచ్చేది కాదు.

"నీ కిటికీ నీకు ముద్దు," అంది అత్తగారు. "నా కిటికీ నాకు ముద్దు. చెప్తావో మానతావో నీ ఇష్టం. నేను ఒట్లు పెట్టుకోమనను."

కింద గేటు చప్పుడైంది. మేస్త్రి వచ్చాడు.

మామగారు మేస్త్రిని సరాసరి కొత్త దంపతుల గదిలోకి తీసుకెళ్లారు. తెర తీయించి పక్కన పెట్టించారు. ఆ తెర తీసేస్తుంటే కోడలికి చెవి పట్టుకుని ఎవరో లాగినట్టనిపించింది.

"ఎండ మాడిపోతోంది మాస్టారూ, కాసిని మంచినీళ్లిప్పించండి," అన్నాడు మేస్త్రి.

"ఎండేమిటయ్యా, పొద్దున్నుంచీ మబ్బు పట్టి ఉంటేను!"

మేస్త్రి ఆయన్ని ఎగాదిగా చూసి, పెద్దవాళ్లతో వాదనెందుకని సిమెంటు మాలు కలుపుకున్నాడు. తాపీతో మాలు పరిచాడు. మొదటి ఇటుక పెట్టి, దాని నెత్తి మీద తాపీ పిడితో టకటకా రెండు కొట్టాడు. తర్వాత రెండోది. మూడోది.

కోడలు గుమ్మంలో నిలబడి ఉంది. నాలుక చివరే ఉంది మాట. ఒక్క ముక్క చాలు. పైకొచ్చి చూడండి మామయ్యగారూ అంటే అయిపోతుంది. ఇటుకల పైనుంచి బస్టాపు కనిపిస్తోంది. బియ్యంలో రాళ్లు తడుముతున్న వేళ్లు కూడా కనిపించాయి, ఎక్కడి నుంచో. పెదవి పంటితో నొక్కిపట్టి, మంచినీళ్ల గ్లాసు మేస్త్రికి అందించింది.

ఒక వరస పూర్తయింది. మామగారు తృప్తిగా తలూపి, "చూడమ్మాయ్, ఇక మీ సంసారానికి ఢోకా లేదు," అన్నారు.

ఆ మాటకి కోడలి కళ్ళలోంచి నీళ్లు జారి గడ్డం మీదికొచ్చాయి. ఆపుకుందామనుకున్నా ఆగలేదు.

"ఆపవయ్యా మేస్త్రీ," అని వెనకనుంచి వినిపించింది. అత్తగారు. గోడ పట్టుకుని, కుంటుతూ వచ్చింది. "ఏవండీ, ఒకసారి డాబా మీదికి రండి."

"డాబా మీదికా? నా మోకాళ్ల సంగతి తెలిసే అంటున్నావా?"

"తెలిసే అంటున్నాను. రండి."

పెళ్ళయిన ముప్ఫై ఏళ్లలో ఆవిడ ఆ గొంతుతో మాట్లాడటం ఆయన విని ఉండరు. నోరెత్తకుండా కదిలారు. ఇరవై ఒక్క ఇనప మెట్లు. మెట్టు మెట్టుకీ ఆగుతూ, "ఏమైందే? ఎవరైనా పోయారా?" అని అడుగుతూనే ఉన్నారు. కాలు మడతపడ్డ ఆవిడ ముందు, మోకాళ్ల నొప్పుల ఆయన మధ్యలో, పడితే పట్టుకుందామని కోడలు వెనక. తాపీ పట్టుకుని మేస్త్రి కూడా ఎక్కాడు, ఇదేం చోద్యమో చూద్దామని.

డాబా మీద ఆయన నిలబడిపోయారు.

సూర్యుణ్ణి చూశారు. గుడ్డ చుట్టిన మేడని చూశారు. మళ్లీ సూర్యుణ్ణి చూశారు. తర్వాత, బడి ఆవరణలో పిల్లల ముందు నిలబడినట్టు, గోదాం వైపు తిరిగి, రెండు చేతులూ బారచాపారు. ఎడమ చెయ్యి వైపు చూశారు. కుడి చెయ్యి వైపు చూశారు. చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి. కోడలికి భయమేసి భుజం పట్టుకుంది.

"మామయ్యగారూ! కూర్చోండి మామయ్యగారూ!"

"ముప్ఫై నాలుగేళ్లు," అన్నారాయన గాలిలో కలిసిపోయే గొంతుతో. "ఎన్ని వందలమందికి చెప్పానమ్మా..." ఉన్నట్టుండి అదిరిపడి, రెండు చేతులతో తల పట్టుకున్నారు. "ఓరి నాయనో! ఉత్తరానికి తలపెట్టి పడుకున్నామే! పదిహేడేళ్లు! ఇంటిల్లిపాదీ!"

ఆ ముక్క కోడలికీ అప్పటిదాకా తట్టలేదు. ఆమె తలా గిర్రున తిరిగింది. మేస్త్రి తాపీ జారవిడిచి, "ఉత్తరానికా? పదిహేడేళ్లా? మరి మీరంతా..." అని, మాట పూర్తి చెయ్యకుండా ఒక్కొక్కరినీ పాదాల దాకా చూసుకున్నాడు, బతికున్నవాళ్లేనా అన్నట్టు.

"ఏమీ కాలేదేమిటే?" అన్నారు మామగారు పెళ్ళాం వైపు తిరిగి. అదే ఆయన్ని అన్నిటికన్నా ఎక్కువగా భయపెట్టినట్టుంది. "కుర్రాడు చదువుకున్నాడు, ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది. నా మోకాళ్లు తప్ప ఇంట్లో ఒక్కరికీ ఒంట్లో బాగోకపోవడమన్నది లేదు. ఏమీ కాలేదే!" అప్పుడేదో తోచి, ఆవిడ మొహంలోకి చూశారు. "నువ్వు రోజూ పైకొస్తావు కదా. నీకెప్పుడు తెలిసింది?"

"మూడో రోజు."

ఆయన మొహం పాలిపోయింది. "పదిహేడేళ్లు నా చేత పడమరకి దండం పెట్టించావా?"

"మీరు పెట్టింది సూర్యుడికే కదండీ. అద్దంలోంచి వచ్చినా ఆయనే కదా." అంతవరకూ బింకంగా ఉన్న ఆవిడ గొంతు అక్కడ జారింది. "ఈ పిల్ల పొద్దున్నే చూసింది. ఒక్క ముక్క చెప్తే తన కిటికీ తనకి దక్కేది. నా పొయ్యి చీకట్లోకి పోతుందని నోరు కట్టేసుకుని నిలబడింది. ఇక నావల్ల కాలేదు. పదండి, ఆ గది కడిగేస్తాను. సాయంత్రానికి పొయ్యి మార్చుకోవచ్చు."

వెదుళ్ల మీది మనుషులు పని మానేసి వీళ్లనే చూస్తున్నారు.

మామగారు మళ్లీ చేతులు చాపారు. ఈసారి నెమ్మదిగా, పెదవులు కదుపుతూ, వేళ్లతో గాల్లో మూలలు లెక్కపెట్టుకున్నారు.

"ఇప్పుడున్న వంటగది వాయవ్యంలో ఉన్నట్టన్నమాట," అన్నారు గొణుగుతూ. "వాయవ్యం కూడా పనికొస్తుంది పొయ్యికి. ఆగ్నేయం కుదరకపోతే వాయవ్యమే." ఆవిడ వైపు చూడకుండా, గొంతు సవరించుకుని, "ఆ చెమ్మగదిలో ఎలాగూ కుదరదులే," అన్నారు.

అత్తగారు తువ్వాలు చివరతో మొహం తుడుచుకుంది.

"మరి నా ఇటుకలో?" అన్నాడు మేస్త్రి.

"పీకెయ్యవయ్యా! ఈశాన్యం కిటికీ మూస్తావా, బుద్ధుందా నీకు?"

"నాకా!" అని మేస్త్రి నోరెళ్లబెట్టాడు.

కోడలు పకాలున నవ్వబోయి ఆగింది, ఎందుకంటే మామగారి నుదురు మళ్లీ ముడిపడింది. "కానీ ఈశాన్యం గదిలో కొత్త దంపతులు..." అన్నారాయన. అత్తగారు తల పైకెత్తి చూసింది. ఆయన గబగబా, "ఆ సంగతి తర్వాత ఆలోచిద్దాం," అన్నారు. "ముందు దిళ్లు తిప్పండి. అన్ని మంచాలవీ. ఇప్పుడే!"

దిళ్లు తిప్పారు. మేస్త్రి పచ్చి మాలులోంచి ఇటుకలు ఊడబెరికి, గట్టు కడిగి, తెర మళ్లీ తగిలించి మరీ వెళ్లాడు. "దిక్కులు మారితే మళ్లీ కబురు చెయ్యండి మాస్టారూ," అని గేటు దగ్గర నుంచి అరిచి, తిట్లు తినే లోపలే సందు తిరిగిపోయాడు.

మర్నాడు పొద్దున్న కోడలు కళ్ళు తెరిచేసరికి కిటికీ సరిగ్గా ఎదురుగా ఉంది. దిండు అటు మారింది కదా, తల ఎత్తక్కర్లేకుండానే ఆకాశం కనిపిస్తోంది. మంచం మీదే కాసేపు కాళ్లాడించింది. ఇంత హాయి దిండు తిప్పడంలో ఉంటుందని ఎవరైనా ముందే చెప్పొద్దూ!

హాల్లో గోడ చీకటిగానే ఉంది. మేడకి గుడ్డ ఇంకో నెల ఉంటుందట. మామగారు ఇనప మెట్లెక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది, మెట్టుకొక నిట్టూర్పు. పైకెళ్లి దండం పెట్టుకుని వస్తానని ఎవరి మాటా వినకుండా బయల్దేరారు.

ఎనిమిదింటికి బస్సొచ్చింది. కళ్ళజోడు తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. ఆమె తెర మీద చెయ్యి వేసేంతలో వెనక అలికిడైంది. అత్తగారు. ఒక చేతిలో బియ్యం పళ్లెం, ఇంకో చేత్తో గోడ.

"వంటగదిలో అంతా గుడ్డ నీడే. నీ కిటికీ దగ్గర కాసేపు కూర్చోనా అమ్మాయ్?"

"రండత్తయ్యా," అని కోడలు గట్టు మీది దువ్వెనా పిన్నులూ తీసి చోటు చేసింది.

అత్తగారు కూర్చుని పళ్లెం వెలుగులోకి వంచింది. ఒక రాయి ఏరింది. తలెత్తి బస్సు వైపు చూసింది. బస్సు కదలబోతోంది, కిటికీలో కొడుకు కళ్ళజోడు చేత్తో పట్టుకుని ఇంకా ఎదురుచూస్తున్నాడు.

"వాడికేమైందే? కళ్ళలో ఏదైనా పడిందా?"

కోడలు సిగ్గుతో చచ్చిపోతూ, తెర రెండుసార్లు లాగింది.

అత్తగారు తెరనీ, బస్సునీ, కోడలినీ మార్చి మార్చి చూసింది. చేతిలో రాయి చేతిలోనే ఉండిపోయింది. "ఓసినీ!" అంది.